షెఫీల్డ్ క్రూసిబుల్: నాటకశాలలో స్నూకర్ చూసిన మూడు రోజులు

ఏప్రిల్ నెలాఖరున నాన్నగారిని తీసుకొని ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరానికి వెళ్ళాను. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన సాయంత్రాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో స్నూకర్ (కర్రతో బంతులను కొట్టి బల్ల అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట) ఆడేవారు. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మెస్సులో పుట్టిందని చెప్పుకునే ఈ ఆటకు ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగే క్రూసిబుల్ థియేటర్‌ను ఒక్కసారైనా చూడాలని ఆయన ఎంతో కాలంగా అనుకుంటున్నారు.

లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి రైలులో దాదాపు రెండు గంటల ప్రయాణం. స్టేషన్ నుంచి థియేటర్‌కు పది నిమిషాల నడకే అయినా దారి ఎగువకు సాగుతుంది కనుక, పెద్దవారు వెంట ఉంటే టాక్సీ ఎక్కడమే మంచిది.

బస విషయంలో మేము మొదట పొరపాటు చేశాము. దగ్గరగా ఉంటుందని నగరం నడిబొడ్డున ఒక హోటల్లో దిగితే, పోటీల రోజులని గదికి బాగా ఎక్కువ తీసుకున్నారు. గది ఇరుకు, రాత్రంతా వీధి చప్పుడు. మరునాడు ట్రామ్ దారిలో ఉన్న ఒక చిన్న ఇంటికి మారాము. అక్కడ వంటగది ఉండడంతో నాన్నగారికి వేళకు అన్నం, పప్పు వండిపెట్టగలిగాను. రాత్రి ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, ఇలా దూరంగా ఉండదలచినవారు చివరి ట్రామ్ వేళ తెలుసుకొని ఉండాలి.

1971లో తెరిచిన ఈ నాటకశాలలో వేదిక ముందుకు చొచ్చుకొని వస్తుంది, ప్రేక్షకులు దానికి మూడు వైపులా కూర్చుంటారు. సీట్లు సుమారు 980 మాత్రమే. చిట్టచివరి వరుస కూడా వేదికకు ఇరవై మీటర్ల దూరంలోనే ఉంటుంది. ఇక్కడ నాటకం చూసి వచ్చిన కరోల్ వాటర్సన్ ఈ హాలు స్నూకర్‌కు బాగుంటుందని పోటీల నిర్వాహకుడైన తన భర్త మైక్ వాటర్సన్‌కు చెప్పారు. 1977 నుంచి ప్రపంచ చాంపియన్‌షిప్ ఇక్కడే జరుగుతోంది.

క్వార్టర్ ఫైనల్స్ వరకు మధ్యలో అడ్డుతెర కట్టి రెండు బల్లలపై ఆడిస్తారు. ఒక టికెట్టుతో ఒక బల్ల మీది ఆట మాత్రమే చూడవచ్చు. అవతలి వైపు చప్పట్లు మ్రోగితే అక్కడేమి జరిగిందో తెలియక మనసు అటే లాగుతుంది. సెమీఫైనల్స్‌కు తెర తీసి ఒకే బల్ల ఉంచుతారు. రెండూ చూశాక, ధర ఎక్కువైనా ఒకే బల్ల ఉన్న రోజుకే టికెట్టు కొనుక్కోవాలని నా గట్టి అభిప్రాయం. ఆనాటి నిశ్శబ్దంలో క్యూ (బంతులు కొట్టే కర్ర) కొనకు సుద్ద రాసే చప్పుడు కూడా మా వరుస దాకా వినిపించింది. వ్యాఖ్యానం వినడానికి చెవిలో పెట్టుకునే చిన్న రేడియోలు అమ్ముతారు గాని, నాన్నగారు పది నిమిషాలకే దాన్ని తీసి నా చేతిలో పెట్టారు. పాకెట్లో పడ్డ బంతుల కన్నా, ఎదుటివారు ఎర్ర బంతిని నేరుగా కొట్టలేకుండా తెల్ల బంతిని రంగు బంతుల వెనక దాచిపెట్టే ఆటనే ఆయన ఎక్కువ ఆనందించారు. ఎదుటి ఆటగాడు దారి వెతుక్కుంటూ బల్ల చుట్టూ తిరుగుతున్నంతసేపూ నా మణికట్టు పట్టుకొనే ఉన్నారు.

ఆటకూ ఆటకూ నడుమ కూర్చోవడానికి దగ్గరలోని వింటర్ గార్డెన్ చాలా అనువైనది. కొయ్య కమానుల మీద అద్దాలు పరిచి కట్టిన ఈ తోటలో దేశదేశాల మొక్కలు ఉన్నాయి, ప్రవేశం ఉచితం.

మూడో రోజు, పాత ఉక్కు పనిముట్ల కార్ఖానాను మ్యూజియంగా ఉంచిన అబ్బీడేల్ వెళ్ళాము. క్రూసిబుల్ అంటే లోహం కరిగించే మూస. 1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ మూస ఉక్కు తయారీకి రూపమిచ్చాక ఈ నగరం ఉక్కుకు పేరుపొందింది, నాటకశాల పేరు కూడా దాని నుంచే వచ్చింది. అబ్బీడేల్‌లో ఆనాటి మూస కొలిమిని పదిలంగా ఉంచారు. అంతకు చాలా ముందే మన నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మట్టి మూసల్లో ఉక్కు తీసేవారనీ, దానికోసం పర్షియా వర్తకులు వచ్చేవారనీ నాన్నగారికి చెబితే, ఆ కొలిమి ముందు నుంచి కదలడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. ఈ చోటు అన్ని రోజులూ తెరిచి ఉండదు, ముందుగా కనుక్కొని వెళ్ళాలి.