పారిస్‌లో విప్లవం జాడలు: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

ఫ్రెంచి విప్లవం అనగానే అందరికీ బాస్టిల్ జైలు కోట గుర్తొస్తుంది. కానీ ఆ చోటు కోసం పనిగట్టుకుని వెళ్లక్కర్లేదు. అక్కడ కోట లేదు. 1789 జూలై 14న జనం దాన్ని పట్టుకున్నాక కూలగొట్టేశారు, ఆ రాళ్లలో కొన్ని కాంకర్డ్ వంతెనకు వాడారు. ఇప్పుడున్నది రద్దీగా ఉండే కూడలి, మధ్యలో ఒక ఎత్తైన స్తంభం. అది కూడా 1830 నాటి తిరుగుబాటుకి గుర్తుగా పెట్టినదే. మెట్రో 5వ లైను ప్లాట్‌ఫామ్ దగ్గర కోట పునాది రాళ్లు కొన్ని కనిపిస్తాయి. రైలు మారేటప్పుడు ఓసారి చూస్తే చాలు.

బాస్టిల్ చూడాలంటే అక్కడికి దగ్గర్లోనే ఉన్న కార్నవాలె అనే పారిస్ చరిత్ర మ్యూజియంకి వెళ్లండి. శాశ్వత ప్రదర్శనకి టికెట్ లేదు. కోటను కూల్చే పని చేయించిన పల్వా అనే ఆయన ఆ రాళ్లతోనే బుల్లి బాస్టిల్ నమూనాలు చేయించి ఊరూరా పంపాడు. కాంట్రాక్టర్ల తెలివి ఎక్కడైనా ఒకటే! అలాంటి నమూనా ఒకటి ఇక్కడుంది. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం మానవ హక్కుల ప్రకటన చిత్రం. 17 అధికరణాలనూ రెండు రాతి పలకల మీద, మోషేకి దేవుడిచ్చిన ఆజ్ఞల్లా చూపించారు. చర్చి పెత్తనాన్ని ప్రశ్నించినవాళ్లు తమ మాట నిలవడానికి మళ్లీ ఆ రూపాన్నే అరువు తెచ్చుకున్నారు.

కాన్సియెర్జరీ జైలుకి టికెట్ ఉంది. రాణి మారీ ఆంత్వానెత్‌ని ఉంచిన గది చూద్దామని వెళ్తే, ఆ చోట తర్వాత కట్టిన ప్రార్థనా మందిరం కనిపిస్తుంది. కింది హాళ్లు చాలావరకు ఖాళీ. చరిత్ర కొంచెం చదువుకుని వెళ్తే సరే, లేకపోతే పిల్లలు పది నిమిషాల్లో విసుగెత్తిపోతారు. 1791లో స్త్రీల హక్కుల ప్రకటన రాసి, రెండేళ్లకి ఇక్కడే బందీగా ఉండి గిలోటిన్ (తల నరికే యంత్రం) ఎక్కిన ఒలాంప్ ద గూజ్ కథ తెలుసుకుని వెళ్తే ఆ గోడలు వేరేలా కనిపిస్తాయి.

దేశ ప్రముఖుల సమాధులున్న పాంథియాన్ టికెట్‌కి మాత్రం పూర్తి న్యాయం జరుగుతుంది. విప్లవకారులకి స్ఫూర్తినిచ్చిన రచయితలు, బతికున్నప్పుడు ఒకరినొకరు తిట్టుకున్న వోల్టేర్, రూసో కింది సమాధుల గదిలో ఎదురెదురుగా ఉన్నారు. ఇద్దరూ 1778లోనే పోయారు, విప్లవాన్ని చూడనే లేదు. రూసో సమాధి తలుపు సందులోంచి దివిటీ పట్టుకున్న చెయ్యి బయటికొస్తుంది. కింద చల్లగా ఉంటుంది, పెద్దవాళ్లకి శాలువా తీసుకెళ్లండి.

ఒక్కచోటే చూసే తీరిక ఉంటే పారిస్ పక్కనున్న వెర్సాయ్‌లోని టెన్నిస్ హాలు చూడమంటాను. రాజభవనం ముందు క్యూ చూస్తేనే టెన్షన్ వస్తుంది. అక్కడినుంచి కాస్త నడిస్తే వచ్చే ఈ హాల్లో జనం పలచగా ఉన్నారు, ప్రవేశం ఉచితం. 1789 జూన్ 20న తమ సభామందిరం తలుపులు మూసేసి ఉంటే, సామాన్య వర్గ ప్రతినిధులు ఇక్కడికొచ్చి, రాజ్యాంగం రాసేదాకా విడిపోమని ప్రమాణం చేశారు. ఒప్పుకోనిది మార్తాన్-దోష్ ఒక్కడే. గోడ మీది పెద్ద చిత్రంలో అతన్ని వెతకండి, భలే సరదాగా ఉంటుంది. ఆ ప్రమాణం చదివించిన బాయీ విగ్రహం కూడా ఉంది. ఆయన్నీ 1793లో గిలోటిన్ ఎక్కించారు.

బసకి బాస్టిల్ వైపు చిన్న హోటల్ తీసుకున్నాం. ఫొటోల్లో గది విశాలంగా ఉంది. వెళ్లి చూస్తే రెండు సూట్‌కేసులు ఒకేసారి తెరిచే చోటు లేదు, లిఫ్టులో ఒక్కరే పడతారు. కానీ అన్ని చోట్లకీ మెట్రో దగ్గర, ఆ ఒక్కదానికీ మళ్లీ అదే పేటలో దిగుతాను. తిండికి లా షపెల్ మెట్రో దగ్గర తమిళుల హోటళ్లున్నాయి, ఇడ్లీ దోసెలకి లోటు లేదు. సాంబారు తియ్యగా ఉంటే మాత్రం నన్ననకండి. కార్నవాలె, టెన్నిస్ హాలు రెండింటికీ సోమవారం సెలవు కాబట్టి ఆ రోజు పాంథియాన్‌కి పెట్టుకోండి.