ఇతోయిగావాలో రెండు రోజులు: జపాన్ తెగిన చోటు చూసొచ్చాం

నాన్నగారు విజయనగరంలో ముప్పై ఏళ్లు భూగోళం చెప్పారు. టోక్యోలో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన గుళ్లూ టవర్లూ అడగలేదు. "జపాన్ రెండుగా తెగిన చోటు ఉందట కదరా, అక్కడికి తీసుకెళ్లు" అన్నారు. అక్టోబరులో జపాన్ సముద్ర తీరాన ఉన్న ఇతోయిగావా ఊరికి వెళ్లాం.

టోక్యో నుంచి షింకాన్సెన్ (బుల్లెట్ రైలు)లో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. హకుతకా రైలే ఎక్కండి, కగయకి అక్కడ ఆగదు.

ముందు ఫోస్సా మాగ్నా మ్యూజియం చూడండి. అది చూడకుండా కొండ దగ్గరికి వెళ్తే రాళ్లు తప్ప ఏమీ కనిపించవు. సుమారు 2 కోట్ల ఏళ్ల క్రితం జపాన్ ఆసియా ఖండం అంచుకి అతుక్కుని ఉండేది. పసిఫిక్ సముద్రం అడుగున ఉన్న భూపలక జపాన్ కిందికి దిగుతుంటే, అగ్నిపర్వతాల వరుస వెనక నేల సాగి, పలచబడి, చిరిగింది. అందులోకి నీరు చేరి జపాన్ సముద్రమైంది. నాన్నగారు రెండు అరచేతులు కలిపి పట్టుకుని, మన పాత ఇళ్ల సింహద్వారం తెరిచినట్టు బయటికి తిప్పి చూపించారు. నైరుతి జపాన్ గడియారం దిశలో, ఈశాన్య జపాన్ దానికి ఎదురుగా తిరిగాయి. రాళ్లలో మిగిలిన అయస్కాంత దిశే దానికి సాక్ష్యం. రెండు రెక్కల మధ్య మిగిలిన సందే ఫోస్సా మాగ్నా. 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త నౌమాన్ పెట్టిన పేరది, లాటిన్‌లో పెద్ద గుంట అని అర్థం. అందులో నిండిన మట్టీ రాయీ 6,000 మీటర్లకు పైనే.

బస మాత్రం మొదటి రాత్రి నిరాశే. శాకాహారమని ముందే రెండుసార్లు చెప్పినా ఆ సత్రంలో సూప్ చేపల రసంతోనే వచ్చింది. నాన్నగారు తెల్లన్నంలో మా గోంగూర పచ్చడి కలుపుకుని తిన్నారు. నాకు చాలా బాధేసింది. రెండో రాత్రి స్టేషన్ పక్క హోటల్‌కి మారాం. గది ఇరుకే, కానీ రిసెప్షన్‌లో అమ్మాయి మా కోసం రైలు టైములు కాగితం మీద రాసిచ్చింది. శాకాహారులైతే అలాంటి హోటల్లో దిగి, తిండి మీరే చూసుకోవడం మేలు.

రెండో రోజు ఓఇతో లైన్‌లో ఒకే పెట్టె డీజిల్ రైలెక్కి నెచి స్టేషన్‌లో దిగాం. అక్కణ్ణుంచి నడక. ఫోస్సా మాగ్నా పడమటి అంచు కళ్లకు కనిపించేది ఇక్కడే. కొండ కోసిన చోట పశ్చిమాన పదుల కోట్ల ఏళ్ల పాత రాయి, తూర్పున సుమారు 1.6 కోట్ల ఏళ్ల నాటి అగ్నిపర్వత శిల. నడుమ రాయి నలిగి బూడిదరంగు పిండైపోయింది. నాన్నగారు ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసి చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. కాస్త ముందుకెళ్తే దిండు లావా. మిల్లులో బస్తాలు పేర్చినట్టు గుండ్రటి రాళ్లు. లావా నీళ్లలోకి పొంగి, పైపొర గడ్డకడితేనే ఆ ఆకారం వస్తుంది. అంటే మేం నిలబడ్డది ఒకప్పటి సముద్రం అడుగు.

తిరుగు రైలు కోసం రెండు గంటలు కూర్చున్నాం. దగ్గర్లో తినడానికి ఏమీ దొరకలేదు, అరటిపళ్లు తీసుకెళ్లండి. ఆ రెండు గంటల్లో నాన్నగారు మిగతా కథ చెప్పారు. సాగడం ఆగిపోయాక, గత 30 లక్షల ఏళ్లుగా ఈ నేల నొక్కుడికి గురవుతోంది. సాగినప్పుడు కిందికి జారిన పగుళ్లే చాలాచోట్ల ఇప్పుడు వెనక్కి, పైకి కదులుతున్నాయి. 2014 నవంబరులో ఇదే రైలు దారిలో హకుబా దగ్గర కామిషిరో పగులు కదిలి 6.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇళ్లు కూలినా పక్కింటివాళ్లే శిథిలాల్లోంచి లాగడంతో ఒక్కరూ చనిపోలేదు. 2024 జనవరి 1న నోటో ద్వీపకల్పంలో 7.6 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు తీరం కొన్నిచోట్ల దాదాపు 4 మీటర్లు పైకి లేచింది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డామో గుర్తొచ్చింది.

జేడ్ అనే పచ్చటి రత్నపు రాళ్లు ఏరుకునే హిసుయి తీరం బాగుంటుంది. నాన్నగారికి దొరికింది జేడ్ కాదని మ్యూజియంలో చెప్పారు. అక్కడివాళ్లు దాన్ని నక్క రాయి అంటారు, చూపుకి మోసం చేస్తుందని. ఒక్కరోజే ఉంటే తీరం వదిలేయండి, నెచి మాత్రం వదలకండి.