పాత పద్మినికి ఏ బ్యాటరీ: నీళ్లు పోసేదా, ఏజీఎమ్మా?

చెన్నైలో పాత పద్మిని కారో అంబాసిడరో పెట్టుకున్న మనవాళ్లకు రెండు మూడేళ్లకోసారి వచ్చే టెన్షన్ ఇది.

ధర: నీళ్ల బ్యాటరీ చవక. ఏజీఎంకు (యాసిడ్‌ను గాజు పీచులో పీల్చి ఉంచే, మూత తీయనక్కర్లేని సీల్డ్ బ్యాటరీ) బాగానే వదులుతుంది. పాతది ఇచ్చేస్తే దేనికైనా కొంత తగ్గిస్తారు.

శ్రమ: మొదటిదానికి ఎండాకాలంలో నెలకోసారైనా మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ చూడాలి. రెండోదానికి ఆ పని లేదు.

రిస్క్: అసలు సంగతంతా ఇక్కడే ఉంది. డైనమో (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే పాతకాలపు యంత్రం), పాయింట్ల రెగ్యులేటర్ (ఆ కరెంటును అదుపు చేసే పాతరకం పెట్టె) ఉన్న బండిలో ఛార్జింగ్ ఒక్కోసారి అదుపు తప్పుతుంది. అప్పుడు నీళ్ల బ్యాటరీలో నీరు తగ్గుతుంది, మళ్లీ పోస్తాం. ఏజీఎంలో తగ్గిన తేమను తిరిగి నింపే దారి లేదు, ఖరీదైన వస్తువు కాస్తా ఉబ్బి కూర్చుంటుంది. అందుకే కొనేముందు ఇంజిన్ వేగం పెంచి, ఉన్న బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టండి. 14.8 వోల్టులు దాటుతుంటే ముందు రెగ్యులేటర్ సంగతి చూడాలి.

ఇటు నీళ్ల బ్యాటరీ యాసిడ్ ఆవిరి బ్యాటరీ కింది ట్రేని తినేస్తుంది. మా బండి ట్రే అలాగే జల్లెడైంది; పాత విడిభాగాలు దొరికే పుదుపేటలో ఇంకోటి వెతికి పట్టుకునేసరికి రెండు ఆదివారాలు పోయాయి.

అమరిక: ప్లస్, మైనస్ ఏ వైపున్నాయో చూసుకోండి. కొన్ని పాత బ్రిటిష్ బండ్లలో బాడీకి తగిలేది ప్లస్.

వారం వారం తిప్పే డైనమో బండికి నీళ్ల బ్యాటరీయే నా ఓటు. డైనమో బదులు కొత్తరకం ఆల్టర్నేటర్ పెట్టించుకుని, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదికి నెలకోసారి తీసే బండికైతే ఏజీఎం. బండి నిలిపి ఉంచినా దాని ఛార్జ్ నెమ్మదిగానే దిగుతుంది.