పిల్లల్ని పంపే ముందు: మందు విషయంలో అమెరికా, జర్మనీ, కువైట్... ఏ చట్టం మేలు?

టికెట్ ప్రింటు చేతికిచ్చాక కూడా కొందరు తండ్రులు కుర్చీలోంచి లేవరు. కడప ఏడురోడ్ల దగ్గర పదహారేళ్లుగా టికెట్ల షాపు నడుపుతున్నాను, ఎందుకు లేవరో నాకు తెలుసు. పాస్‌పోర్టు జిరాక్స్ తీయించుకు రమ్మని కొడుకును బయటికి పంపి, గొంతు తగ్గించి అడుగుతారు. "అన్నా, ఆడికి పోయిన పిల్లోల్లు తాగుడు నేర్చుకుంటారంట గదా, నిజమేనా?" లగేజీ ఎన్ని కిలోలని అందరి ముందూ అడిగే మనిషి ఈ ఒక్క మాట మాత్రం చెవిలో అడుగుతాడు.

నా దగ్గరికి వచ్చే పడుచు పిల్లలు ఎక్కువగా మూడు వైపులకు పోతారు. చదువుకు అమెరికా, ఈ మధ్య జర్మనీ. రాయచోటి, రాజంపేట వైపు నుంచి పనికి కువైట్. మందు విషయంలో ఈ మూడు దేశాలూ మూడు దారులు పట్టాయి. అమెరికా 21 నిండేదాకా ముట్టుకోవద్దంటుంది. జర్మనీ 16 ఏళ్లకే బీరు కొనుక్కోనిస్తుంది. కువైట్ ఏ వయసుకైనా వద్దంటుంది.

వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను ఒకే ఒక కొలత పెట్టుకున్నాను. పిల్లోడు ఏదో ఒక రాత్రి తప్పు చేశాడనుకుందాం. ఎక్కువ తాగేశాడు, పిలిస్తే పలకడం లేదు. పక్కనున్న స్నేహితుడు భయపడకుండా అంబులెన్స్‌కు ఫోన్ చేయగలడా, లేదా? మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే.

ముందు అమెరికా సంగతి. మా తమ్ముడి కూతురు టెక్సాస్‌లో డిగ్రీ చదువుతోంది. పోయిన కొత్తలో క్లాస్‌మేట్స్‌తో ఒక మ్యూజిక్ ప్రోగ్రాంకు పోయింది. గేటు దగ్గర పాస్‌పోర్టు చూసి, రెండు చేతుల మీదా నల్ల మార్కర్‌తో ఇంత పెద్ద ఇంటూ గుర్తు గీశారు. ఆ గుర్తున్న చేతికి లోపల మందు పోయరు. మరుసటి రోజు వీడియో కాల్‌లో చేతులు చూపించి, "సబ్బు పెట్టి రుద్దినా పోవట్లేదు పెదనాన్నా" అంది. ఈ మధ్య ఒక హోటల్లో ఇంకో సంగతి జరిగింది. సర్వర్ ఆమె పాస్‌పోర్టులో 03/11 అని ఉన్నది చూసి, 21 నిండాయి, మందు తెప్పించుకోవచ్చు అన్నాడు. అక్కడ నెల ముందు రాస్తారు, తేదీ వెనక. ఆయన మార్చి 11 అనుకున్నాడు, ఆమె పుట్టింది నవంబర్ 3న. ఆమే సరిదిద్ది నిమ్మరసం తెప్పించుకుంది. ఈ తేదీల తికమక గురించి ఇప్పుడు అమెరికా పోయే ప్రతి పిల్లకూ చెప్పి పంపుతున్నాను.

అమెరికా 21 దగ్గర గీత గీయడానికి కారణం కారు. 1984కు ముందు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వయసు ఉండేది. తమ రాష్ట్రంలో దొరకని కుర్రాళ్లు సరిహద్దు దాటిపోయి, తాగి, కారు నడుపుకుంటూ తిరిగి వచ్చేవాళ్లు. మన దగ్గర 1995లో మద్యనిషేధం పెట్టినప్పుడు అనంతపురం నుంచి బళ్లారి దారి పట్టినవాళ్లను చూసినవారికి ఇది కొత్త కథ కాదు. ఆ ప్రమాదాలు ఆపడానికి 1984లో కేంద్రం చట్టం తెచ్చింది. కొనే వయసు 21కి పెంచని రాష్ట్రానికి హైవే నిధుల్లో కోత. ఒక రాష్ట్రం కోర్టుకెళ్లింది గానీ 1987లో సుప్రీంకోర్టు చట్టాన్నే నిలబెట్టింది. 1988 కల్లా అన్ని రాష్ట్రాలూ 21కి వచ్చేశాయి. దాని వల్ల కుర్రాళ్ల ప్రాణాలు మిగిలాయని ఆ దేశ రవాణా శాఖ ఇప్పటికీ చెబుతుంది, నేనూ నమ్ముతాను. కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా తెచ్చుకోలేని ఊళ్లవి.

అయితే 21 నిండని పిల్లలు తాగడం మానేశారా అంటే, లేదు. బార్‌లో దొరకనిది హాస్టల్ గది తలుపు వెనక్కి చేరింది. ఎవరైనా చూస్తారేమోనన్న తొందరలో, బయటికి పోయే ముందు గబగబా నాలుగైదు గ్లాసులు దించేస్తారు. ఇదే బాధతో 2008లో అక్కడి వందమందికి పైగా కాలేజీ ప్రెసిడెంట్లు 21 గీత మీద మళ్లీ చర్చ జరగాలని సంతకాలు పెట్టారు. మన పిల్లలకైతే ఇంకో టెన్షన్, వీసా. ఎప్పుడైనా అరెస్టయ్యారా అని ఫారంలోనే అడుగుతారు. దొంగ ఐడీతో దొరికినా, తాగి బండి నడిపి దొరికినా ఆ మచ్చ చదువుతో పోదు, ఉద్యోగం దాకా వెంట వస్తుంది.

ఇక్కడ తల్లిదండ్రులకు తెలియని మంచి విషయం ఒకటుంది. స్నేహితుడి ప్రాణం మీదికి వచ్చినప్పుడు 911కు ఫోన్ చేసి, సాయం వచ్చేదాకా అక్కడే ఉన్న పిల్లవాడి మీద తక్కువ వయసులో తాగినందుకు కేసు పెట్టకూడదని టెక్సాస్‌తో సహా చాలా రాష్ట్రాల్లో చట్టం ఉంది. నా కొలతకు ఇది చాలా పెద్ద మార్కు. కానీ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? నేను అడిగిన ఒక్కరికీ తెలియదు.

జర్మనీకి వస్తే, మా అక్క కొడుకు 18 నిండగానే పోయాడు, డ్రెస్డెన్‌లో చదువుతున్నాడు. వాడు పోయిన వారానికే మా అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. అక్కడ సూపర్ మార్కెట్లో పాల పక్క వరసలోనే బీరు సీసాలు ఉన్నాయని వీడియోలో చూసిందట. నిజమే. 16 నిండితే బీరు, వైన్ కొనుక్కోవచ్చు, విస్కీ, వోడ్కా లాంటి ఘాటైనవాటికి 18 నిండాలి. తల్లో తండ్రో పక్కనుంటే 14 ఏళ్లకే హోటల్లో బీరు ఇస్తారు. ఈ చివరి మాట మా అక్కకు ఇప్పటికీ చెప్పలేదు.

కానీ వాడు చెప్పే విషయాలు వింటూ వింటూ నా అభిప్రాయం మారింది. హాస్టల్ వంటగదిలో పార్టీ జరిగిన మొదటి రోజే పక్కగది కుర్రాడు గ్లాసు ఇవ్వబోతే వీడు వద్దన్నాడు. "సరే, యాపిల్ జ్యూసా, నీళ్లా?" అని అడిగి ఆ పిల్లోడు ఇంకో మాట లేకుండా పోసిచ్చాడట. రెండేళ్లయింది, మళ్లీ ఎవరూ అడగలేదు. ఇదే వాడు కడపలో ఇంటర్ అయిన రోజు ఫ్రెండ్స్ మధ్య వద్దన్నందుకు "మగోడివేనా" అనిపించుకుని ఇంటికొచ్చాడు. చట్టం 21 అన్న మన ఊళ్లో అంత ఒత్తిడి, 16కే ఇచ్చే ఊళ్లో ఏ ఒత్తిడీ లేకపోవడం నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది.

ఆ జ్యూస్‌కు కూడా అక్కడ చట్టం అండ ఉంది. మందు అమ్మే హోటల్ ఏదైనా సరే, మత్తు లేని పానీయం కనీసం ఒక్కటైనా, తమ దగ్గర అన్నిటికంటే చవకైన మందుకు మించని ధరకు ఇవ్వాలి. జనం దాన్ని యాపిల్ జ్యూస్ నిబంధన అనే పిలుచుకుంటారు. జేబులో డబ్బు తక్కువున్న పిల్లోడు చవకని చెప్పి బీరు వైపు పోకూడదని పెట్టుకున్న నియమం. రోడ్డు మీద మాత్రం వాళ్లేమీ మెత్తగా లేరు. 21 లోపు వాళ్లు, కొత్తగా లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఒక్క చుక్క తాగినా బండి నడపకూడదని 2007 నుంచి రూల్. పైగా అర్ధరాత్రి ఇంటికి పోవడానికి ట్రామ్ ఉంటుంది. మా వాడైతే పార్టీ అయ్యాక ఖాళీ సీసాలు ఏరి సూపర్ మార్కెట్ మిషన్‌లో వేస్తాడు. బీరు సీసాకు 8 సెంట్లు, ప్లాస్టిక్ నీళ్ల బాటిల్‌కు 25 సెంట్లు వెనక్కి వస్తాయి. ఆ రసీదు చూపించి బ్రెడ్ కొనుక్కుంటాడు. ఆ విషయం విన్నాక మా అక్క కాస్త కుదుటపడింది.

జర్మనీలో నాకు నచ్చనిది ఆ 16. పదో తరగతి పిల్లోడికి బీరు చేతికివ్వడం నా మనసు ఒప్పుకోదు, అక్కడ పెద్దవాళ్ల తాగుడూ తక్కువేమీ కాదు. అయినా నా కొలతకు జర్మనీ ఎక్కువగా నిలబడుతుంది. 18 ఏళ్లవాడు తాగడం అక్కడ నేరమే కాదు కాబట్టి అంబులెన్స్‌కు ఫోన్ చేయడానికి వెనకాడే పని లేదు.

కువైట్ గురించి రాయడం నాకు కష్టం, ఎందుకంటే నా తిండి సగం ఆ టికెట్ల మీదే. కువైట్ టికెట్ తీసుకునే తల్లి ముఖంలో ఒక నెమ్మది కనిపిస్తుంది. "ఆడ మందు దొరకదు గదన్నా, అదే చాలు" అంటుంది. ఆమె మాట చాలామంది విషయంలో నిజమైంది కూడా. ఇక్కడ తాగి తిరిగిన కుర్రాడు రెండేళ్ల తర్వాత మనిషై దిగి, చెల్లెలి పెళ్లి చేసిన ఇళ్లు నాకు తెలుసు. వాటిని తక్కువ చేయను.

కానీ 2025 ఆగస్టును మరిచిపోలేను. కువైట్‌లో దొంగతనంగా కాచిన కల్తీ మందు తాగి 160 మంది విషం బారిన పడ్డారు, వాళ్లలో 23 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆసియా దేశాల నుంచి పోయిన పనివాళ్లు. మనవాళ్లు 40 మంది దాకా ఆసుపత్రుల్లో చేరారని మన ఎంబసీ చెప్పింది. ఆ వారమంతా మా షాపు ఫోన్ మోగుతూనే ఉంది. "మావోడు ఫోన్ ఎత్తడం ల్యా, ఎట్లన్నా కనుక్కోన్నా" అని.

ఆ విషం పేరు మిథనాల్. రుచిలో, వాసనలో మామూలు మందుకూ దీనికీ తేడా తెలియదు. కడుపులోకి పోయాక కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది ముందు కంటి నరాన్ని పట్టుకుంటుంది. దారుణం ఏమిటంటే, తాగిన వెంటనే ఏమీ కాదు. పన్నెండు గంటలకో, మరుసటి రోజుకో తలనొప్పి, వాంతులు, కళ్ల ముందు మంచు కురిసినట్టు మసక. రాత్రి తాగింది దిగలేదులే అనుకుని పడుకుంటారు. తొందరగా ఆసుపత్రికి చేరిస్తే విరుగుడు మందుంది, డయాలసిస్ ఉంది, బతికించవచ్చు. గంటలు గడిచేకొద్దీ చూపు పోతుంది, తర్వాత ప్రాణం.

వీసాకు అప్పు చేసి పోయిన 22 ఏళ్ల కుర్రాడు ఆ గంటల్లో ఏం ఆలోచిస్తాడో ఊహించండి. ఫోన్ చేస్తే పోలీసులొస్తారు, జైలు, ఆ పైన డిపోర్ట్. ఊళ్లో అప్పు అట్లాగే ఉంటుంది. గదిలో ఉన్న మిగతా ఆరుగురికీ అదే భయం. తెల్లారేదాకా చూద్దామనుకుంటారు. నా కొలతలో కువైట్ వెనకబడేది ఈ ఒక్క చోటే, కానీ ప్రాణం పోయేదీ ఈ చోటే.

మిథనాల్ నిషేధమున్న దేశాల్లోనే దొరుకుతుందని కూడా అనుకోవద్దు. 18 నిండితే చాలనే లావోస్‌లో, వాంగ్ వియెంగ్ అనే టూరిస్టు ఊళ్లో, 2024 నవంబర్‌లో ఆరుగురు యాత్రికులు ఇలాగే పోయారు. వాళ్లలో ఇద్దరు 19 ఏళ్ల ఆస్ట్రేలియా అమ్మాయిలు. ఫ్రీగా పోసే షాట్, సీలు లేని సీసా, పేరు లేని మందు ఎక్కడైనా ముట్టుకోవద్దని మలేషియా, థాయిలాండ్, లావోస్ ప్యాకేజీ తీసుకునే కుర్రాళ్లకు చేతులు పట్టుకుని చెబుతున్నాను.

మిగతా దేశాల గురించి రెండు మాటలు. కెనడాలో క్యుబెక్, ఆల్బర్టా, మానిటోబాల్లో 18, మిగతాచోట్ల 19. జపాన్ 2022లో మేజర్ వయసు 18కి దించినా మందుకు మాత్రం 20నే ఉంచింది. ఎంబీబీఎస్‌కు జార్జియా పోయే పిల్లలకు 18 చాలు, కజకిస్తాన్ పోతే 21 నిండాలి. దుబాయ్‌లో 21, కారులో అరగంట దూరంలోని షార్జాలో పూర్తి నిషేధం. దుబాయ్‌లో కొన్న సీసాతో ఆ గీత దాటితే కేసు.

మన ఆంధ్రాలోనూ చట్టం 21 అనే చెబుతుంది. వైన్ షాపు కిటికీలోంచి చేయి పెడితే వయసు అడిగినవాణ్ణి నేను చూడలేదు. ఇంట్లో తండ్రి నల్ల కవర్‌లో తెచ్చుకుంటాడు, తల్లి చూడనట్టు ఉంటుంది, పిల్లోడికి అంతా తెలుసు, ఎవరూ ఒక్క మాట మాట్లాడరు. ఆ మౌనంతోనే వాణ్ణి విమానం ఎక్కిస్తున్నాం. అమెరికాలో చట్టం అనుమతించినా ఫోన్ చేయకుండా ఆగేది ఈ మౌనం అలవాటైన పిల్లోడే.

కాబట్టి అడిగినవాళ్లకు నేను ఇప్పుడు చెప్పేది ఇది. 18, 19 ఏళ్ల పిల్లోణ్ణి పంపడానికి నా మనసుకు జర్మనీ చట్టమే మేలు. ఇంట్లో ఈ మాట ఒక్కసారైనా నోరు తెరిచి మాట్లాడుకుని పంపితేనే. తోటివాళ్లు ఏమంటే అది చేసే పిల్లోడైతే అమెరికానే నయం, ఆ మూడేళ్లలో కాస్త నిలదొక్కుకుంటాడు, కాకపోతే ఆ 911 సంగతి నేర్పి పంపాలి. కువైట్ పోయేవాళ్లకు పోవద్దని చెప్పే అర్హత నాకు లేదు. తాగితే దాచుకోవద్దని, చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగొద్దని, డిపోర్ట్ అయినా బతికుంటే అప్పు తీర్చుకోవచ్చని మాత్రం చెబుతాను.

ఆగస్టు తర్వాత నుంచి ప్రతి టికెట్ కవర్ వెనకా ఎమర్జెన్సీ నంబర్ ఎర్ర పెన్నుతో రాసిస్తున్నాను. పోయిన వారం మైదుకూరు నుంచి ఒక తండ్రి వచ్చాడు. కొడుకు జర్మనీకి. కొడుకును బయటికి పంపకముందే నేను కవర్ తిప్పి 112 రాశాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాడు.

"ఇది మన నంబరే గదన్నా?"

"ఔ, ఆడ కూడా ఇదే. కువైట్‌లో కూడా ఇదే."

ఆయన కవర్‌ను కొడుకు చేతికిచ్చి, "చదువు" అన్నాడు.