డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్‌తో లక్ష కిలోమీటర్లు

మూడు సిలిండర్ల, లీటరు సామర్థ్యం గల, టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి నెట్టే పరికరం) ఉన్న డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్ ఉన్న కారును హైదరాబాదులో కొత్తగా కొని, లక్ష కిలోమీటర్లు దాటిన తర్వాత కూడా రోజూ నడుపుతున్నాను. కంపెనీ ఏదైనా ఈ తరహా ఇంజిన్ల బలాలూ బలహీనతలూ చాలావరకు ఒకటే కాబట్టి ఇక్కడ కారు పేరు ప్రస్తావించడం లేదు. షోరూమ్‌లో ఇచ్చే కాగితం మీద పవర్, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం), మైలేజీ అంకెలు ఉంటాయి గానీ, ఇంజిన్‌ను ఏ ఆయిల్‌తో, ఎలాంటి ప్రయాణాలకు వాడితే నాలుగు కాలాల పాటు మన్నుతుందో అందులో ఉండదు. కొనేవాళ్ళకు తెలియాల్సింది ముందుగా అదేనని నా అభిప్రాయం.

అంకెల మాటకొస్తే, మన దేశంలో ఈ తరగతి ఇంజిన్లు సాధారణంగా 110 నుంచి 120 పీఎస్ పవర్‌ను, 170 ఎన్ఎం పైచిలుకు టార్క్‌ను ఇస్తాయి. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజిన్ 113 ఎన్ఎం దగ్గర ఆగిపోతే, ఇది అంతకు ఒకటిన్నర రెట్ల టార్క్‌ను 1500–1750 ఆర్‌పీఎం నుంచే అందిస్తుంది. మామూలు పోర్ట్ ఇంజెక్షన్ ఇంజిన్‌లో పెట్రోలు మూడు నాలుగు బార్ల ఒత్తిడితో ఇన్‌టేక్ వాల్వ్ వెనక పడి, గాలితో కలిసి లోపలికి వెళ్తుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో మాత్రం క్యామ్‌షాఫ్ట్‌తో నడిచే పంపు దాన్ని 200 బార్లకు పైగా ఒత్తిడికి తెచ్చి నేరుగా సిలిండర్‌లోకి చిమ్మిస్తుంది. అక్కడ పెట్రోలు ఆవిరవుతూ గాలిని చల్లబరచడం వల్ల నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలి టకటకలాడటం) తగ్గుతుంది. టర్బో ఉన్నా కంప్రెషన్ రేషియోను (సిలిండర్‌లో మిశ్రమం ఎన్నో వంతుకు కుదించబడుతుందో ఆ అంకెను) 10 లేదా 10.5 దాకా ఉంచగలగడానికి ఇదే ముఖ్య కారణం. విజయవాడ హైవే మీద నలుగురు మనుషులు, సామానుతో లారీని దాటేటప్పుడు ఈ బలం స్పష్టంగా తెలుస్తుంది. నిలకడగా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వెళ్తే లీటరుకు 18 కిలోమీటర్లు వస్తాయి. నగరం ట్రాఫిక్‌లో పది పన్నెండుకు మించి ఆశించకూడదు.

ఇక లోపాల్లో మొదటిది, అందరూ తెలుసుకోవాల్సింది, ఇన్‌టేక్ వాల్వుల మీద కార్బన్ పేరుకోవడం. క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిర్లు గాలి దారిలో కలిసి వేడి వాల్వుల మీద అంటుకుని మాడిపోతాయి. పాత తరహా ఇంజిన్లలో పెట్రోలే ఆ వాల్వులను ఎప్పటికప్పుడు కడిగేది. ఇందులో పెట్రోలు వాటిని తాకనే తాకదు. అందుకే బంకుల్లో అమ్మే ఇంజెక్టర్ క్లీనర్ సీసాలు ట్యాంకులో ఎన్ని పోసినా ఈ కార్బన్‌కు ప్రయోజనం లేదు. నా కారు అరవై వేల కిలోమీటర్లు దాటాక, ఉదయం స్టార్ట్ చేయగానే మొదటి నిమిషం ఇంజిన్ వణికేది, వేడెక్కాక సర్దుకునేది. సర్వీస్ సెంటర్ వారు స్పార్క్ ప్లగ్గులు, ఒక కాయిల్ మార్చినా ఫలితం కనిపించలేదు. చివరకు వేరే మెకానిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి చిన్న కెమెరా పెట్టి చూపించినప్పుడు, వేలి మందం ఉండాల్సిన గాలి సందు సగానికి సగం మూసుకుపోయి, వాల్వ్ కాడ చుట్టూ కట్టెల పొయ్యి మీది గిన్నె అడుగు మసిలా గట్టి నల్లటి పొర కనిపించింది.

దీన్ని వదిలించడానికి నమ్మకమైన పద్ధతి వాల్‌నట్ గుల్లల పొడిని గాలి ఒత్తిడితో కొట్టడం. అయితే శుభ్రం చేస్తున్న సిలిండర్‌ వాల్వులు పూర్తిగా మూసుకుని ఉండేలా క్రాంక్‌ను తిప్పి పెట్టాలి, లేకపోతే పొడి సిలిండర్‌లోకి జారుతుంది. ఈ యంత్రం ఉన్న షెడ్డు కోసం నేను వెతుక్కోవలసి వచ్చింది. పని పూర్తయ్యాక వణుకు పోయింది, పికప్ తిరిగి వచ్చింది. టయోటా డి-4ఎస్ పేరుతో కొన్ని ఇంజిన్లకు సిలిండర్‌లో ఒకటి, పోర్టులో (వాల్వ్ ముందరి గాలి దారిలో) మరొకటి ఇంజెక్టర్లు పెట్టింది. ఫోర్డ్ కూడా 2017 ఎఫ్-150లోని 3.5 లీటర్ల ఎకోబూస్ట్‌లో అదే మార్గం పట్టింది. పోర్టులో చిమ్మే పెట్రోలు వాల్వులను కడుగుతుంది కాబట్టి, రెండు రకాల ఇంజెక్టర్లున్న ఇంజిన్ దొరికితే నిస్సందేహంగా దానికే నా ఓటు.

రెండో విషయం ఆయిల్. పాలకో, కూరగాయలకో వీధి చివరిదాకా వెళ్ళి రావడమే పనిగా ఉన్న కారులో ఇంజిన్ సరిగా వేడెక్కదు. సిలిండర్ గోడల మీద పడిన పెట్రోలు ఆవిరి కాకుండా కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, ముక్కు దగ్గర పెడితే పెట్రోలు వాసన వస్తుంది. అలా పలచబడిన ఆయిల్ టర్బో బేరింగులకు, పంపును నడిపే క్యామ్‌కు చేటు. కంపెనీ 10,000 లేదా 15,000 కిలోమీటర్లకు మార్చమన్నా, నగరంలో తిరిగే కారుకు 7,500కే మార్చడం మేలు. ఆయిల్ డబ్బా మీద ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి ఎస్‌పీ లేదా అంతకన్నా కొత్త ప్రమాణం ముద్ర ఉండటం తప్పనిసరిగా చూడండి. తక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువ భారం పడినప్పుడు స్పార్క్ రాకముందే మిశ్రమం అంటుకుని పిస్టన్‌ను, రింగులను పగలగొట్టే ప్రమాదం ఈ చిన్న టర్బో ఇంజిన్లకు ఉంది. దాన్ని అరికట్టే ఉద్దేశంతో 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ ప్రమాణాలు వచ్చాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ఐదో గేరులో 1300 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ అదిమే అలవాటు ఉన్నవారు ఒక గేరు దించుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

మూడోది హై ప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు. పంపు లోపాల వల్లనే బీఎండబ్ల్యూ 2010లో అమెరికాలో సుమారు 1,30,000 కార్లను వెనక్కి పిలిపించింది కాబట్టి ఖరీదైన కార్లూ దీనికి అతీతం కావు. పంపు నీరసిస్తే చెక్ ఇంజిన్ లైట్ వెలిగి, స్కానర్‌లో చాలాసార్లు పి0087 (ఇంధన ఒత్తిడి తక్కువ) అన్న కోడ్ కనిపిస్తుంది. హైవే మీద వేగం పెంచబోతే బండి గుంజుకుంటుంది. నా కారులో పంపు ఇప్పటికీ బాగానే ఉంది, కానీ ఎనభై వేలు దాటాక ఒక ఇంజెక్టర్ కారడం మొదలైంది. రాత్రంతా నిలిపిన బండి ఎక్కువసేపు సెల్ఫ్ కొడితే గాని అందుకోకపోవడం, ఒక్క సిలిండర్ ప్లగ్ మాత్రమే నల్లబడటం దాని ఆనవాళ్ళు. ఈ ఇంజెక్టర్ ధర పోర్ట్ ఇంజెక్టర్ ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. విప్పిన ప్రతిసారీ దాని టెఫ్లాన్ రింగును కొత్తది వేయాలి. ఒత్తిడి దించకుండా పైపు విప్పితే చిమ్మే పెట్రోలు చర్మాన్ని చీల్చగలదు, కనుక ఈ పనిని అనుభవం లేని చేతికి అప్పగించకూడదు. ఐడ్లింగ్‌లో వినిపించే టక టక శబ్దం మాత్రం ఈ ఇంజెక్టర్ల సహజ లక్షణం, దానికి కంగారు పడనక్కరలేదు.

ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక నాకు మైలేజీ కాస్త తగ్గింది. ఇథనాల్‌లో శక్తి తక్కువ కనుక అది సహజం. ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) పెరగడం ఈ ఇంజిన్‌కు అనుకూలమే. నా కారు అంతకుముందు తయారైంది కాబట్టి రబ్బరు గొట్టాలను ప్రతి సర్వీసులో చూపిస్తున్నాను.

నెలలో ఎక్కువ భాగం హైవే మీద తిరిగేవారు ఈ ఇంజిన్‌ను నిశ్చింతగా కొనవచ్చు. రోజుకు మూడు నాలుగు కిలోమీటర్లకు మించి తిరగని ఇంటికి పోర్ట్ ఇంజెక్షన్ కారే చాలు, ఖర్చూ తక్కువ. సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవారు యజమానిని ముందే ఇంజిన్ వేడి చేయవద్దని అడిగి, తెల్లవారుజామున వెళ్ళి, చల్లగా ఉన్న ఇంజిన్‌ను తామే స్టార్ట్ చేసి మొదటి నిమిషం శ్రద్ధగా వినాలి. ఆ తర్వాత డిప్‌స్టిక్ వాసన చూసి, ఆయిల్ మార్చిన బిల్లులన్నీ అడిగి తీసుకోవాలి. బిల్లులు లేని బండిని ధర ఎంత తక్కువైనా నేనైతే తీసుకోను.