16 జీబీ ర్యామ్‌తో ఎల్‌ఎల్‌వీఎం బిల్డ్: మూడేళ్ల తర్వాత

ఎనిమిది కోర్లు, 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రం మీద మూడేళ్లుగా ఎల్‌ఎల్‌వీఎం అనే కంపైలర్ సాధనాల సముదాయాన్నీ, అందులోని సీ, సీ++ కంపైలర్ క్లాంగ్‌నూ డీబగ్ బిల్డ్ (తప్పులు వెతకడానికి కావలసిన అదనపు సమాచారంతో సోర్స్ నుంచి కట్టడం) చేస్తున్నాను. మొదట్లో బిల్డ్ చివరి మెట్టు దాకా హాయిగా సాగేది. తీరా అక్కడికి చేరాక మెమరీ చాలక మౌస్ కదలడం మానేసేది, కాసేపటికి ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ ఏదో ఒక ప్రాసెస్‌ను చంపేసేది. నేరం కంపైలర్‌దే అనుకుని చాలాకాలం దానితోనే కుస్తీ పట్టాను. నేను వాడే కంపైలర్ జీసీసీ లోపల, అక్కర్లేని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ మరింత తరచుగా పనిచేసేలా దాని పరామితులు మార్చి చూశాను. మెమరీ కాస్త తగ్గింది, సమయం బాగా పెరిగింది. వారం తిరక్కుండానే తీసేశాను.

అసలు దొంగ లింకర్, అంటే కంపైల్ అయిన ముక్కలన్నిటినీ కలిపి ఎగ్జిక్యూటబుల్‌గా చేసే ప్రోగ్రామ్. విడిగా చెప్పకపోతే, బిల్డ్ పనులను నడిపే నింజా కోర్ల సంఖ్యకు రెండు కలిపి అన్ని పనులు ఒకేసారి మొదలుపెడుతుంది, అంటే నా దగ్గర పది. పది సోర్స్ ఫైళ్లు ఒకేసారి కంపైల్ అయితే ఫరవాలేదు. క్లాంగ్, ఆప్ట్ లాంటి భారీ ఎగ్జిక్యూటబుళ్లు ఒకేసారి లింకుకు వస్తేనే తంటా. ఒక్కో లింకరూ అవే లైబ్రరీల డీబగ్ సమాచారాన్ని విడివిడిగా మెమరీలోకి లాక్కుంటుంది. నేనేమో మొదట మొత్తం పనులను నాలుగుకు కుదించి, సగం కోర్లను ఊరికే కూర్చోబెట్టాను!

నింజాతో బిల్డ్ చేసేవారికి బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్‌లో లింక్ పనులకు మాత్రమే పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది. దాన్ని 2 చేశాను. కంపైల్ పనులు మళ్లీ పది నడుస్తాయి, లింకులు మాత్రం రెండే. ఇన్నేళ్లలో ఇంతకన్నా మేలు చేసిన మార్పు లేదు.

దాని తర్వాతి స్థానం స్ప్లిట్ డ్వార్ఫ్ అనే పద్ధతిది. డీబగ్ సమాచారంలో అధిక భాగం విడి డీడబ్ల్యూఓ ఫైళ్లలోకి పోతుంది, లింకర్ దాని జోలికే వెళ్లదు. అయితే ఆ ఫైళ్లను జాగ్రత్తగా దాచుకోవాలి. ఒకసారి ఎగ్జిక్యూటబుల్‌ను మాత్రం మరో యంత్రానికి పంపి, ఇక్కడి బిల్డ్ ఫోల్డర్‌ను చెరిపేశాను. డీబగ్గర్‌లో ఒక్క వేరియబుల్ విలువ కనబడితే ఒట్టు. ఇప్పుడు పంపే ముందు వాటన్నిటినీ ఒకే డీడబ్ల్యూపీ ఫైలుగా కడుతున్నాను.

ఎల్‌ఎల్‌వీఎం సొంత లింకర్ ఎల్‌ఎల్‌డీకి మారడం వల్ల లింకు త్వరగా ముగుస్తుంది, అది చాలు. వాడని ప్రాసెసర్ టార్గెట్లను (కంపైలర్ కోడ్ తయారుచేయగల ప్రాసెసర్ రకాలను) తీసేయడం మొదటి రోజే చేయాల్సింది. అన్నింటినీ కట్టడం డిఫాల్ట్, నాకు కావలసింది ఒక్కటే. మెమరీలోని డేటాను కుదించి అక్కడే దాచే జడ్‌ర్యామ్ కూడా పెట్టుకున్నాను. గండం గట్టెక్కిస్తుంది, అంతకుమించి ఆశించకూడదు.

వాడకానికిచ్చే రిలీజ్ బిల్డ్‌కు పూర్తి ఎల్‌టీఓ (లింకు సమయంలో ప్రోగ్రామంతటినీ కలిపి మెరుగుపరచడం) ఈ యంత్రం మీద నడవలేదు, ప్రోగ్రామంతా ఒకేచోట మెమరీలోకి రావాలి కదా. థిన్ ఎల్‌టీఓ అనే దాని తేలిక రకం మాడ్యూళ్ల (ఒక్కో సోర్స్ ఫైలు నుంచి వచ్చిన ముక్కల) సారాంశాలతో నెట్టుకొస్తుంది. కానీ అది లోపల మళ్లీ సమాంతర థ్రెడ్లు పుట్టిస్తుందని ఆలస్యంగా తెలిసింది. లింకు పరిమితి ఒక్కటి పెడితే సరిపోదు, ఆ థ్రెడ్ల సంఖ్యకూ కళ్లెం వేయాలి. అలా వేశాక కూడా, థిన్ ఎల్‌టీఓ నడిచే రోజున బ్రౌజర్ మూసేస్తాను.