రావులపాలెం షెడ్డులో టైమింగ్ చైన్ పని: చేతికి అయిదు మార్కులు, మాటకు రెండు

పొద్దున్నే తాళం తిప్పగానే బానెట్ కింద కుడి పక్క నుంచి గలగల. కురిడీ కాయల బస్తాను ఎవరో పట్టుకుని కుదుపుతున్నట్టే ఉండేది. మూడు నాలుగు సెకన్లే. ఆ తర్వాత ఇంజిన్ ఏమీ ఎరగనట్టు నడిచేది. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం నాది. కాయ ఊపి లోపల గుండు ఎండిందో లేదో చెప్పగలను. కారు విషయంలో మాత్రం ఆరు నెలలు తాత్సారం చేశాను. డీజిల్ బండి, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది.

మొదట చూపించిన చోట టైమింగ్ చైన్‌ను, అంటే ఇంజిన్‌లో పిస్టన్లకూ వాల్వులకూ లయ కుదిర్చే గొలుసును, బిగించి ఉంచే టెన్షనర్ ఒక్కటే మార్చి 4,200 రూపాయలు తీసుకున్నారు. వాళ్ల పేరు వద్దులెండి, రేపు మళ్లీ మొహాలు చూసుకోవాలి. నెలన్నర హాయిగా గడిచింది. తర్వాత గలగల తిరిగి వచ్చింది, ఈసారి ఇంజిన్ వేడెక్కాక కూడా వదల్లేదు. రెండోది ఏసీ గదీ కాఫీ యంత్రమూ ఉన్న పెద్ద వర్క్‌షాపు. అక్కడ ఒక్క బోల్టు కూడా విప్పకుండా ఇంజిన్ మార్చడమే మేలని తేల్చి, లక్ష దాటిన అంచనా కాగితం చేతిలో పెట్టారు. ఆ సాయంత్రం దింపు కూలీల లెక్క రెండుసార్లు తప్పు వేశాను.

ఈ షెడ్డు సంగతి చెప్పింది మా కాయ ఎత్తుకెళ్లే లారీ డ్రైవరు. కొత్తపేట మీదుగా రావులపాలెం వచ్చి, అరటి గెలల లారీలు ఆగే వైపు తిరగాలి. బోర్డు ఎండకు వెలిసిపోయింది, చదవడం కష్టం. పాత టైర్ల దొంతరే గుర్తు.

మేస్త్రికి ముప్ఫై అయిదేళ్లుంటాయి. ముందుగా ఆయిల్ చూసే పుల్ల బయటికి లాగి, అంటిన ఆయిల్‌ను వేళ్ల మధ్య నలిపి, "బాబాయి గారూ, ఇది మార్చి ఎన్నాళ్లయింది?" అని అడిగాడు. పదివేలకు మార్చాల్సింది పదిహేడు వేల దాకా లాగానని ఒప్పుకున్నాను. చైన్ బదులు బెల్టు ఉన్న బండికైతే ఫలానా కిలోమీటర్లకు మార్చాలని లెక్క ఉంటుంది, చైన్‌కు అదేమీ అక్కర్లేదని ఎవరో చెబితే నమ్మినవాణ్ణి.

అతను చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పని చేస్తుంది. రాత్రంతా నిలిపిన బండిలో ఆ ఒత్తిడి పడిపోతుంది కాబట్టి, స్టార్ట్ చేయగానే వదులు చైన్ తనను దారిలో ఉంచే ప్లాస్టిక్ గైడ్లకు కొట్టుకుంటుంది. పంపు ఆయిల్ అందించాక బిగుస్తుంది. మసి పట్టిన ఆయిల్‌లో లింకుల పిన్నులు అరిగిపోయి చైన్ పొడవు పెరుగుతుంది. అంత సాగిన చైన్‌కు కొత్త టెన్షనర్ వేసినా, దానిలోని ప్లంజర్, అంటే ముందుకు నెట్టే కడ్డీ, రాగలిగినంత దూరం బయటికి వచ్చి ఆగిపోతుంది, వదులు మిగిలే ఉంటుంది. నా 4,200 వెళ్లింది అక్కడికే. అలాగే తిప్పితే ఏదో ఒక రోజు చైన్ పళ్ల చక్రం మీద పన్ను దాటి, వాల్వులు పిస్టన్లకు తగులుతాయి. అప్పుడు ఆ లక్ష కాగితమే నిజమవుతుంది.

చైన్, గైడ్లు, టెన్షనర్, పళ్ల చక్రాలు మొత్తం సెట్టు వేస్తేనే పని ముట్టుకుంటానన్నాడు. బేరం ఆడబోయాను. టీ తాగమన్నాడు.

విప్పిన రోజు అక్కడే కూర్చున్నాను. కుడి చక్రం తీసి, ఇంజిన్‌ను చెక్క పలక మీద జాకీతో నిలబెట్టి, మౌంటూ పుల్లీ తీశాడు. తర్వాత ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే సంపు దించితే అడుగున గోరంత నల్ల ప్లాస్టిక్ ముక్కలు! అరిగిన గైడ్‌వి. ఒకటి ఆయిల్ లాగే జాలికి అతుక్కుని ఉంది. పాత చైన్, కొత్త చైన్ ఒకే మేకుకు తగిలించాడు. పాతది చిటికెన వేలి గోరంత కిందికి దిగింది.

బిగింపు దగ్గర తొందరపడలేదు. మొదటి పిస్టన్‌ను పైకి తెచ్చి, పిస్టన్లు తిప్పే క్రాంక్ చివర ఉన్న ఫ్లైవీల్‌కూ, వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కూ కదలకుండా లాక్ పిన్నులు దోపాడు. చైన్ మీది రంగు లింకులను చక్రాల గుర్తులకు కలిపాడు. కొత్త టెన్షనర్ ప్లంజర్ లోపలికి నొక్కి ఉంటుంది, జారకుండా సన్నటి పిన్ను గుచ్చి వస్తుంది. బోల్టులు బిగించాక ఆ పిన్ను నన్ను లాగమన్నాడు. టిక్కుమని ప్లంజర్ బయటికి దూకి గైడ్‌ను నెట్టింది. అంతవరకు ఊగుతున్న చైన్ చెట్టెక్కేవాడి మోకులా బిర్రుగా నిలిచింది.

తర్వాత లాక్ పిన్నులు తీసి, పొడుగు పానాతో క్రాంక్‌ను చేత్తోనే రెండు చుట్లు తిప్పాడు. చూస్తే రంగు లింకు గుర్తు దగ్గర లేదు, ఎక్కడో పక్కకు పోయింది! నాకు గుండె జారింది. అతను నవ్వి, "రంగు బిగించేటప్పటికే బాబాయి గారూ, తర్వాత దాని ఊసు వద్దు" అంటూ లాక్ పిన్నులు మళ్లీ దోపాడు. రెండూ సాఫీగా దిగాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, కాబట్టి చక్రాలు వాటి చోటికి వచ్చేస్తాయి. లింకుల లెక్క వేరు, అవి మళ్లీ అదే పంటి మీదికి రావాలంటే చాలా చుట్లు తిరగాలి. ఇంకో రెండు చుట్లు తిప్పి మళ్లీ పిన్నులు దోపి చూపించాడు, నా మొహం చూసి కాబోలు.

కవరుకు పూసిన సీలెంట్ రాత్రంతా ఆరింది. మర్నాడు కొత్త ఆయిల్ పోసి, డీజిల్ పడకుండా ఇంజెక్టర్ల వైర్లు పీకి, ఆయిల్ పైకెక్కే దాకా స్టార్టర్ ఆడించాకే అసలు స్టార్ట్ చేశాడు. గలగల లేదు.

ఇక మాట సంగతి. రెండు రోజులన్న పని అయిదు రోజులైంది, రాజమండ్రి నుంచి వచ్చిన మొదటి సెట్టులో ఒక గైడ్ తక్కువట. నమ్ముతాను, కానీ ఫోను ఎత్తి ఆ ముక్క చెప్పవచ్చు కదా! పదకొండుసార్లు చేశాను. కూర్చోవడానికి టైరు తప్ప ఏమీ లేదు. డ్రైవరు సీటు మీద అయిదు వేళ్ల గ్రీజు ముద్ర ఇంకా ఉంది, మా ఆవిడ దాన్ని రోజూ చూపిస్తుంది. బిల్లంటే పాత క్యాలెండర్ కాగితం వెనుక రాసిచ్చినదే: సెట్టు 8,900, కూలి 6,500, ఆయిల్, ఫిల్టర్, కూలెంట్ 2,750, సీలు, సీలెంట్ 850, మొత్తం 19,000. పాత సామాను మాత్రం అడగకుండానే గోనె సంచిలో కట్టి డిక్కీలో పెట్టాడు.

ఇప్పటికి మూడు నెలలు, 4,000 కిలోమీటర్లు. ఇంజిన్ చప్పుడు బాగుంది. ముందు చక్రం మీది ప్లాస్టిక్ తొడుగుకు ఒక క్లిప్పు వేయడం మరిచిపోయాడు, జొన్నాడ వంతెన అతుకుల మీద అది టకటకలాడుతుంది. క్లిప్పు ఎప్పుడు వేస్తావని ప్రతి వారం అడుగుతున్నాను. రేపు రమ్మంటాడు.